నేనెవరు: టోకు, చిల్లర

రెండువేల సంవత్సరం మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి. ఈ ద్వీప నగరంలో టోవా పాయో అనే పేటలో మా నాన్న పెట్టిన కిరాణా కొట్టు, దానికి రెండు బ్లాకుల అవతల ఒక ఫ్లాటు, ఆండాళమ్మ అనే భార్య, నళిని అనే కూతురు, దాదాపు ఖాయమైన ఒక అల్లుడు. ఈ చివరిదాన్ని ఆస్తుల్లో రాసుకోకూడదని అనుభవం చెబుతుంది. ఓడ రేవుకొచ్చి, సరుకు గోడౌన్ చేరి, బస్తా విప్పి చూసుకునేదాకా అది మనది కాదు. కానీ ఆడపిల్ల తండ్రికి అంత ఓపిక ఉండదు. నేను రాసేసుకున్నాను.

మా తాత తెల్లదొరల కాలంలో శ్రీకాకుళం వైపునుంచి ఇక్కడి రేవులో మూటలు మోయడానికి వచ్చాడు. మా నాన్న మూటలు మోయడం మాని మూటలు అమ్మడం మొదలుపెట్టాడు. నేను పుట్టేసరికి మా ఇంట్లో తెలుగులో సగం అరవం, కొంత మలయ్ కలిసిపోయాయి. అలాంటిది, కంప్యూటర్ల గిరాకీ మొదలయ్యాక, ఆదివారం వస్తే నా కొట్టు నిండా తెలుగే. హైదరాబాదు నుంచి, వరంగల్ నుంచి, గుంటూరు నుంచి విమానాల్లో దిగిన కుర్రాళ్లు గోంగూర ఉందా, సోనా మసూరి ఉందా అంటూ వచ్చేవాళ్లు. అమ్మ గుర్తొచ్చినవాడు ఆవకాయ ధర అడగడు. మంచి గిరాకీ.

ఆ కుర్రాళ్లలో ఉపేంద్ర ఒకడు. కరీంనగర్ వైపు అబ్బాయి. సంవత్సరం మారగానే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని అందరూ భయపడిన రోజుల్లో, ఆ తికమక జరగకుండా తేదీలు సరిచేసే పని అతనిది. ఆ అలవాటు కొట్లోకీ తెచ్చేవాడు. పచ్చడి సీసా తిప్పి చూసి, "అంకుల్, ఎక్స్‌పైరీల సంవత్సరానికి రెండంకెలే ఏసిన్రు, రిస్కు" అనేవాడు. ఆ సీసా పక్కన పెట్టి ఇంకోటి తీసేవాడు. ఇంత జాగ్రత్తగల పిల్లవాడు నా కూతుర్ని కూడా జాగ్రత్తగా చూసుకుంటాడని నేను లెక్క వేశాను.

ఒక ఆదివారం ఇంటికి పిలిచాం. పులిహోర తిన్నాడు. నళినీ, అతనూ మా ఫ్లాటు ముందు వరండాలో కాసేపు మాట్లాడుకున్నారు. జాతకాలు కలిశాయి. కరీంనగర్ నుంచి వాళ్ల అమ్మానాన్నా ఫోన్లో సరేనన్నారు. గుడి కల్యాణ మండపం మాట్లాడాను. ఆ మండపం చూసుకునే జనార్దన్ నాకు పాత స్నేహితుడు. "నెలాఖరులోపల ఖాయం చెయ్యి సుందరరావూ, లేకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తాను, ఆ తర్వాత ఈ ఏడు ముహూర్తం లేదు" అన్నాడు.

ఆ మరుసటి ఆదివారం ఉపేంద్ర బుట్ట పట్టుకుని గల్లాపెట్టె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అంకుల్, ఒక ప్రాబ్లం."

"వీసానా?"

"కాదంకుల్."

"ఉద్యోగమా?"

"జాబ్ మస్తుగుంది. ఇంక్రిమెంట్ గూడ ఇచ్చిన్రు."

"మరేమిటి బాబూ?"

"నేనెవరో నాకు తెలుస్తలేదంకుల్."

నేను అతని బుట్ట వైపు చూశాను. గోంగూర, కందిపొడి, అప్పడాలు. అప్పడాలు కూడా ఎప్పుడూ తీసుకునే రకమే.

"నువ్వు ఉపేంద్రవి" అన్నాను.

"అది పేరంకుల్. పేరు దీసేస్తే?"

"ఇంజనీరువి."

"అది జాబ్. జాబ్ దీసేస్తే?"

"అన్నీ ఎందుకు తీసేస్తున్నావయ్యా? ఇప్పుడే కదా ఇంక్రిమెంట్ ఇచ్చారన్నావు?"

అతను బుట్ట కింద పెట్టాడు. "రెండేండ్లు రాత్రీ పగలూ పని జేసిన. దేనికోసం? ఏం గాకుండ ఉండెతందుకు. జనవరి ఒకటొచ్చింది. ఏం గాలే. అందరు చప్పట్లు గొట్టిన్రు. ఏం గానిదానికి చప్పట్లేందంకుల్? ఇప్పుడు మ్యారేజ్ రిజిస్ట్రీల 'నేను, ఉపేంద్ర' అని చదివి సంతకం పెట్టాలె గద. ఆ నేను ఎవరో తెల్వకుండ ఎట్ల పెడ్త? టెస్ట్ చెయ్యకుండ డెలివరీ ఇచ్చినట్టయితది. నళినిని మోసం చేసినట్టే గద. తెలిసేదాక పెండ్లి ఆపుండ్రి."

అని, లెక్క కట్టించుకుని, చిల్లర సరిచూసుకుని వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లి ఆండాళమ్మకు చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"దిష్టండీ. మన కొట్లో కూకుని ఎవుడో కళ్లెట్టేశాడు కుర్రోడి మీద."

మర్నాడు సాయంత్రం అతన్ని టీకి పిలిచి, ఉప్పూ ఎండుమిరపకాయలూ చుట్టూ తిప్పి పెనం మీద వేసింది. ఫ్లాటంతా ఘాటు. పక్క ఫ్లాటు చైనావిడ నిప్పంటుకుందనుకుని తలుపు బాదింది. మేమందరం దగ్గుతూ వరండాలోకి పరిగెత్తాం. ఉపేంద్ర గోడ పట్టుకుని, కళ్లనీళ్లు కారుతూ దగ్గి దగ్గి, ఊపిరి తిరిగాక అడిగాడు.

"ఇప్పుడు దగ్గిందెవరు ఆంటీ? నేనా, నా బాడీనా?"

ఆండాళమ్మ నా వైపు తిరిగి, "ఇది దిష్టి కాదండోయ్" అంది.

అప్పుడు నాకు మా కొట్టు పై అంతస్తు గుర్తొచ్చింది. అక్కడ ట్యూషన్ సెంటరు ఖాళీ చేసి వెళ్లిపోయాక కొత్త బోర్డు కట్టారు. కౌన్సెలింగ్ అని రాసి ఉంది. కింద వసుంధర అని పేరు, తెలుగు, తమిళం, ఇంగ్లీషు మాట్లాడబడును అని. మనసు బాగోలేనివాళ్లతో మాట్లాడి బాగుచేస్తారని తెలుసు. ఉపేంద్రకు ఫోన్ చేసి చెప్పాను.

"కౌన్సెలింగా? ఆఫీసుల తెలిస్తే ఆగం జేస్తరంకుల్. నాకేమన్న పిచ్చా?"

అతను రాకపోతే ఏమైంది? ఇంట్లో ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు మందుల షాపుకు వెళ్లి, ఇంత వేడి ఉంది, ఇలా దగ్గుతున్నాడు అని చెప్పి మాత్రలు తెస్తాం. మనవాళ్లలో సగం వైద్యం అలాగే నడుస్తుంది. బుధవారం మధ్యాహ్నం బేరాలు పలచగా ఉంటాయి. ఆండాళమ్మను గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి మెట్లెక్కాను.

గదిలో ఇంకా రంగు వాసన పోలేదు. రెండు కుర్చీలు, ఒక బల్ల, ఒక మొక్క. వసుంధర నా వయసావిడే. మాలాగే తాతల కాలంనాటి కుటుంబం. బడిలో టీచరుగా చేసి, ఈ చదువు చదివి, ఇప్పుడు సొంతంగా పెట్టుకుందట.

"చెప్పండి" అంది.

"నాకేం లేదమ్మా. మాకు కావలసిన అబ్బాయి ఒకడున్నాడు. వాడెవరో వాడికి తెలియడం లేదంటాడు. దానికి తగినదేదైనా ఇస్తే పట్టుకెళ్తాను."

"అలమాక్" అని మలయ్‌లో ఆశ్చర్యపోయి నవ్వింది. "ఇది పట్టుకెళ్లేది కాదండీ. ఆ అబ్బాయి వచ్చి కూర్చోవాలి. వచ్చినవాళ్లతోనే నేను మాట్లాడగలను. పరవాలేదు, ఆయన వీలు చూసుకుని రమ్మనండి."

న్యాయంగానే చెప్పింది. నేను లేచి నిలబడ్డాను. వెళ్లబోతుంటే ఆవిడ, "అయినా మొదటగా పైకి వచ్చినందుకు సంతోషమండీ. మీరే నా మొదటి మనిషి" అంది.

నా కాళ్లు ఆగిపోయాయి.

వ్యాపారం చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు, చేయనివాళ్ల కోసం చెబుతున్నాను. పొద్దున మొదటి బేరం బోణీ. దాంతో ఆ రోజు ఎలా నడుస్తుందో తేలుతుంది. కొత్త కొట్టుకైతే మొదటి బేరంతో ఆ కొట్టు జాతకమే తేలుతుంది. వచ్చినవాడు ఉత్తి చేతులతో తిరిగిపోతే అంతకన్నా అరిష్టం లేదు. మా నాన్న బోణీ మనిషిని పోనివ్వకుండా కొన్న ధరకంటే తక్కువకైనా ఇచ్చేవాడు. నేనైతే ఊరికే ధరలడిగి వెళ్లిపోయే బోణీగాళ్లను మనసులో తిట్టని రోజు లేదు. ఇప్పుడు నేనే ఒక ఆడమనిషి కొత్త కొట్టులో ఆ పని చేయబోతున్నాను. పైగా నా నెత్తిమీది కొట్టులో.

మళ్లీ కూర్చున్నాను.

"అంటే అమ్మా, ఆ అబ్బాయి ఎవరో కాదు. నేనే" అన్నాను.

ఆవిడ నా ముఖం వైపు కాసేపు చూసింది. "సరి. చెప్పండి మరి" అంది. తర్వాత మాట్లాడలేదు.

నేనూ మాట్లాడలేదు. బేరంలో ముందు నోరు విప్పినవాడు ఓడిపోతాడు. గోడౌన్లలో పెద్ద పెద్ద చైనా సేఠ్‌ల ఎదురుగా టీ చల్లారేదాకా కూర్చుని ధర రాబట్టినవాణ్ణి నేను. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేనూ పెట్టుకున్నాను. ఆవిడ మొక్క వైపు చూసింది. నేనూ చూశాను. కింద ఆండాళమ్మ ఎవరికో ధనియాల ధర తప్పు చెప్పడం వినిపించింది. అయినా ఓర్చుకున్నాను. ఆవిడ ముఖంలో విసుగు లేదు, తొందర లేదు. ఏ సేఠ్‌లోనూ అలాంటి బింకం చూడలేదు. చివరికి నేనే ఓడాను.

"అంతా ఒక లూపులో పడ్డట్టుంది మేడమ్" అన్నాను. ఉపేంద్ర కొట్లోనూ ఫోన్లోనూ చెప్పిన మాటలన్నీ వరసగా దింపాను. "బయటికొచ్చే కండిషన్ లేదు. టెస్ట్ చెయ్యకుండా డెలివరీ ఇవ్వాల్సి వస్తోంది."

"మీకు కంప్యూటర్లతో పనుందా?"

"కాలిక్యులేటర్ ఉంది."

"సరి. ఈ ప్రశ్న మిమ్మల్ని ఎక్కువగా ఎప్పుడు పట్టుకుంటుంది?"

ఉపేంద్ర ఆ సంగతి చెప్పలేదు. "ఆదివారాలు" అన్నాను. అతను కొట్టుకొచ్చేది అప్పుడే కాబట్టి.

గంటయ్యాక ఆవిడ ఒక మాట చెప్పింది. "సమాధానం కోసం తొందరపడకండి. ప్రశ్నతో కాసేపు కూర్చోండి." అంతే. గంటకు కట్టిన రుసుముకి ఇంతేనా అనిపించింది. నెలకు ఒకేసారి కడితే ఏమైనా తగ్గిస్తారా అని అడిగాను. తగ్గించనంది. అయినా సరుకు చేతికొచ్చింది. పై అంతస్తులో టోకున కొన్నాను, ఇక కింద చిల్లరగా ఇచ్చుకోవడమే.

ఆదివారం ఉపేంద్ర రాగానే చెప్పాను. "బాబూ, ప్రశ్నతో కాసేపు కూర్చో."

"ఎక్కడంకుల్?"

అది ఆవిడ చెప్పలేదు. నేను చుట్టూ చూసి, "ఇక్కడ" అని బియ్యం బస్తాలు చూపించాను.

కూర్చున్నాడు. పొద్దున్నించి సాయంత్రందాకా సోనా మసూరి మీద కళ్లు మూసుకుని కూర్చున్నాడు. బియ్యం కావలసిన తమిళావిడ ఒకామె అతని భుజం తట్టి, బస్తా మోయమని చెప్పింది. లేచి టాక్సీదాకా మోసి, వచ్చి మళ్లీ కూర్చున్నాడు. జురాంగ్ వెస్ట్‌నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు ఏంది భాయ్ అని అడిగారు. చెప్పాడు. వాళ్లూ పక్కన కూర్చున్నారు. తర్వాతి ఆదివారానికి బస్తాల మీద చోటు లేదు. ఒకడు ముందే వచ్చి, తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో బల్లకు పెట్టినట్టు, బస్తా మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు పట్టుకున్నాడు. ఆత్మ ఉందా లేదా, ఉంటే బ్యాకప్ ఎక్కడుంటుంది అని వాదించుకుంటూ జంతికలూ కారప్పూసా ఖాళీ చేశారు.

"ఏటండీ ఇది" అంది ఆండాళమ్మ, "కొట్టా, మఠమా?"

"జంతికలు అయిపోయాయి చూశావా?"

"చూశాను. పెళ్లి సంగతి?"

జనార్దన్ రెండుసార్లు ఫోన్ చేశాడు. నెల సగం దాటింది. ఉపేంద్ర ప్రశ్నతో హాయిగా కూర్చుంటున్నాడు, లేచే సూచన లేదు.

నేను బుధవారం బుధవారం మెట్లెక్కుతూనే ఉన్నాను. సరుకు తెస్తూనే ఉన్నాను. ఒకసారి ఆవిడ అడిగింది. "సుందరరావుగారూ, కొట్టు మూసి ఉన్న రోజున మీరెవరు?"

మంచి ప్రశ్న, ఉపేంద్రకు పనికొస్తుందనుకుని జేబులో వేసుకున్నాను. ఆదివారం, మాట కాస్త మార్చి, "సెలవు రోజున నువ్వెవరివి బాబూ?" అని అడిగాను.

"సెలవుదినం నిద్రపోతనంకుల్" అన్నాడు. అతనికి అదసలు తగల్లేదు.

ఆ సరుకు వెనక్కొచ్చింది. నా దగ్గర ఉండిపోయింది. శనగపప్పు తూస్తుంటే గుర్తొచ్చేది. రైల్లో గుర్తొచ్చేది. నా కొట్టు ఎప్పుడు మూశానా అని వెతుక్కున్నాను. మా నాన్న పోయిన రోజు తప్ప లేదు. ఆ రోజైనా, నాన్నను ఇంట్లో పడుకోబెట్టి ఉండగా, తెలిసిన ముసలాయన ఒకడు సంగతి తెలియక కొట్టు ముందు నిలబడి జీలకర్ర కోసం చూస్తున్నాడని ఎవరో చెప్పారు. వెళ్లి సగం షట్టర్ ఎత్తి ఇచ్చి వచ్చాను. వచ్చి నాన్న పక్కన కూర్చున్నాను. అందరూ ఏడుస్తున్నారు. నేను ఆ ముసలాయనకు చిల్లర సరిగా ఇచ్చానా లేదా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

తర్వాతి బుధవారం ఈ సంగతి వసుంధరకు చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఇందులో ఉపేంద్రకు పనికొచ్చేదేమీ లేదు. ఆవిడ నీళ్ల గ్లాసు కాస్త నా వైపు జరిపింది. నేను తాగలేదు కానీ, దాన్ని పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

లేచేముందు ఆవిడే అడిగింది. "ఇంతకీ నేనెవరు అన్న ఆ మొదటి ప్రశ్న, అది అసలు ఎప్పుడు మొదలైంది? ఎవరి ఎదురుగా ఉన్నప్పుడు?"

నెలాఖరుకు ఇంకా కొద్దిరోజులే ఉంది. ఆదివారందాకా ఆగలేదు. ఆ సాయంత్రమే ఉపేంద్ర ఆఫీసు కింద నిలబడి, రాగానే ఆ ప్రశ్న అందించాను.

"ఎప్పుడు మొదలయిందంటె..." అని తల గోక్కున్నాడు. "మీ ఇంటికొచ్చిన్నాడే అంకుల్. వరండాల. నళిని అడిగింది గద."

"ఏమని?"

"నువ్వెవరు అని."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మీరు ఎప్పుడు మొదలయిందని అడగలే గదంకుల్. కూసోమన్నరు. కూసున్న."

నేను అక్కడి నుంచి నేరుగా నళిని పనిచేసే కళ్లద్దాల షాపుకు వెళ్లాను. కళ్లు పరీక్షించడం దాని పని. నన్ను చూడగానే, ఊరికే వచ్చానంటే యజమానురాలు ఊరుకోదని, యంత్రం ముందు కూర్చోబెట్టింది. గడ్డం ఆ చట్రం మీద పెట్టించి, నుదురు పట్టీకి ఆనించింది. ఇక్కడ పుట్టిన పిల్లలందరిలాగే దాని మాటల చివర లా, మా అని తోకలుంటాయి.

"నాన్నా, డోంట్ మూవ్ లా. ఇదా క్లియర్, అదా?"

"మొదటిది. అమ్మా, ఆ రోజు అబ్బాయిని నువ్వెవరు అని అడిగావా?"

"అడిగాను. సో? ఇదా, ఇదా?"

"రెండూ ఒకేలా ఉన్నాయి. ఎందుకడిగావు?"

"తెలుసుకుందామని లా! జీతం చెప్పాడు, ప్రాజెక్టు చెప్పాడు, లాంగ్వేజెస్ ఎన్నొచ్చో చెప్పాడు. మనుషులవి కాదు, కంప్యూటర్‌వి. అదంతా బయోడేటాలో ఉంది కదా, ఓకే, బట్ నువ్వెవరు అన్నాను."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. చాలాసేపు. ఇంతకుముందు వచ్చినవాళ్లందరూ టక్కున చెప్పేశారు. ఫ్యామిలీ టైపు, ఫన్ టైపు, దేవుడంటే భక్తి, అది, ఇది. ఇతను మాత్రం నిజంగా ఆలోచించాడు. నాకు అది నచ్చింది."

నేను తల ఎత్తబోయాను. "డోంట్ మూవ్!" అంది.

"మరి నచ్చాడని నాకు చెప్పలేదేం?"

"యూ నెవర్ ఆస్క్ మా." వెలుతురు నా కంట్లో పడుతోంది, దాని ముఖం కనబడ్డం లేదు. "ఆ తర్వాత అతను నాకు ఒక్క ఫోన్ కూడా చేయలేదు. ప్రతి ఆదివారం కొట్టుకొచ్చి మీతోనే మాట్లాడతాడు. మండపం సంగతి మీరే మాట్లాడుతున్నారు. ఆత్మ సంగతి మీరే మాట్లాడుతున్నారు. గుడ్ లా. మీరిద్దరే చేసుకోండి పెళ్లి."

గడ్డం చట్రంలో పెట్టుకుని నేను లెక్క చూసుకున్నాను. సరుకు ఒకచోట సిద్ధంగా ఉంది. కావలసినవాడు ఇంకోచోట చేతులు చాచి ఉన్నాడు. బేరం మాత్రం కదలడం లేదు. ఇలాంటిది వ్యాపారంలో చాలాసార్లు చూశాను. మధ్యలో దళారి అడ్డంగా కూర్చున్నప్పుడే అలా అవుతుంది. ఇక్కడ ఆ దళారిని నేను.

మర్నాడు సాయంత్రం మా బ్లాకు పక్క హాకర్ సెంటర్లో మూల బల్ల పట్టాను. ఉపేంద్రను రమ్మన్నాను. సంగతి చెప్పగానే కంగారుపడ్డాడు.

"సమాధానం లేకుండ ఎట్ల పోతంకుల్? నెల రోజులాయె. ఇప్పుడు బోయి తెల్వదని చెప్పాల్నా?"

"ఏమైనా చెప్పు. నన్ను మాత్రం అడక్కు. ఇన్నాళ్లు నేను చెప్పినవన్నీ పై అంతస్తు మేడమ్ మాటలు. ఒక్కటీ నాది కాదు."

అతను నోరు తెరిచి నిలబడ్డాడు. "అంటే నా కోసం మీరు కౌన్సెలింగ్‌కి పోయిన్రా?"

"పోయాను."

"నేనని చెప్పుకొని?"

"నేనని చెప్పుకొనే."

"మరి మీకేమన్న ఫాయిదా అయిందా అంకుల్?"

"నళిని వచ్చేసింది, పో" అన్నాను.

నేనూ ఆండాళమ్మా దూరంగా ఇంకో బల్ల దగ్గర కూర్చున్నాం. మధ్యలో స్తంభం. నేను అటు ఒరిగితే నళిని కనబడుతుంది, ఇటు ఒరిగితే ఉపేంద్ర కనబడతాడు.

"ఆల్ల మూతులు సూడకండి. నూడిల్స్ తినండి" అంది ఆండాళమ్మ.

"అతను ఏం చెబుతున్నాడో?"

"మీకెందుకండీ? ఇన్నాళ్లూ సెప్పింది సాల్లేదా?"

ఉపేంద్ర ఏదో అన్నాడు. నళిని ఏదో అంది. బల్లలు తుడిచే తాత వాళ్ల బల్ల తుడిచి, కాసేపాగి మళ్లీ తుడిచి, ఇక లేవరని తెలుసుకుని వెళ్లిపోయాడు. వాళ్ల టీలు ముట్టకుండానే చల్లారాయి. ఆ తర్వాత నళిని నవ్వింది. స్తంభం అవతలినుంచి అతని నవ్వూ వినిపించింది. ఆండాళమ్మ నా నూడిల్స్ కూడా తినేసింది.

ఉపేంద్ర మా దగ్గరికి వచ్చి, "అంకుల్, మండపం ఫిక్స్ చేయుండ్రి" అన్నాడు.

"నువ్వెవరో తెలిసిందా?"

"లేదంకుల్. తెల్వదని చెప్పిన. ఆమె గూడ ఆమె ఎవరో ఆమెకు తెల్వదన్నది. ఇద్దరికి తెల్వనప్పుడు మోసమెట్లయితది?"

న్యాయమైన బేరం. జనార్దన్‌కు అక్కడినుంచే ఫోన్ చేశాను.

ఆ తర్వాతి బుధవారం వసుంధరకు నిజం చెప్పాను. ఆ ప్రశ్న నాది కాదని, కాబోయే అల్లుడిదని.

"తెలుసండీ, మొదటి రోజే" అంది. "కిరాణా కొట్టు ఆయన లూపులో పడతారా? బోణీ పాడుకాకూడదని కూర్చున్నారని కూడా తెలుసు. మా నాన్న కూడా చేపల మార్కెట్లో కొట్టు నడిపారు."

"మరి తెలిసి తెలిసి ఇన్ని వారాలు..."

"వారం వారం ఆ అబ్బాయి మాటలు తగ్గుతూ వచ్చాయి. జీలకర్ర సంగతి చెప్పిన రోజు ఒక్కటీ లేదు. ఆ రోజు కూర్చున్నది మీరే."

ఆ మాట విని లేచి వచ్చేయాలి. పని అయిపోయింది కదా. లేవలేదు. వచ్చే బుధవారం కూడా వస్తానని చెప్పి దిగాను.

పెళ్లి బాగా జరిగింది. పురోహితుడు వరుడి గోత్రం చెప్పి, ఫలానావారి మునిమనవడు, ఫలానావారి మనవడు, ఫలానావారి కుమారుడు అని గొంతెత్తి చదువుతుంటే ఉపేంద్ర నా చెవి దగ్గర వంగి, "మామయ్యా, ఇంత డాక్యుమెంటేషన్ ఉన్నదని ముందే చెప్పాలె గద" అన్నాడు.

ఇక నేను ప్రతి బుధవారం పైకెళ్లడం ఆండాళమ్మకు అర్థం కాలేదు. "పెళ్లయిపోనాది కదా, ఇంకా ఏటడుగుతాదండీ ఆవిడ?" అంది ఒకరోజు.

"ఏముంది. నువ్వెవరు అని."

ఆండాళమ్మ చేస్తున్న పని ఆపింది. పెసలు చెరిగే చేట ఒళ్లో అలాగే ఉండిపోయింది.

"మనువాడి ఇన్నేళ్లయింది. నన్నెవరూ ఆ మాట అడగలేదండీ" అంది. చేట పక్కన పెట్టి, "నేనూ వస్తాను" అంది.

కాబట్టి మొత్తం లెక్క ఇది. కూతురి పెళ్లి అయింది. అల్లుడు ఇప్పుడు నిజంగానే ఆస్తుల్లో ఉన్నాడు. ఆదివారం బస్తాల మీద కూర్చునే కుర్రాళ్లు మిగిలారు, వాళ్లవల్ల జంతికలకు గిరాకీ మిగిలింది. బుధవారం మధ్యాహ్నం మేమిద్దరం పైన ఉంటాం, కింద షట్టర్ దించి ఉంటుంది. ఆ గంటలో ఎంత బేరం పోతోందో నేను కట్టి చూడలేదు. పైన అడిగినవాటికి సమాధానాలూ దొరకలేదు. వీటిని ఏ ఖానాలో వేయాలో చాలారోజులు తేల్చుకోలేకపోయాను. చివరికి లాభం కింద వేశాను.